వైను మ్యూజియంలో గులాబీ షర్బత్తు

నోయిడాలో ఆ మ్యూజియం ఇప్పుడు లేదు. అది ఉన్న చోట టైల్సు అమ్మే షాపు వచ్చింది. మూతపడిందని తెలిసినప్పుడు నాకు విచారం కలగలేదు. కానీ నాకివ్వాల్సిన గ్లాసు ఇవ్వకుండానే మూతపడింది. ఆ బాకీ టైల్సు షాపువాణ్ణి అడగలేను కదా. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తొంభైల మధ్యలో మాట. మేము వైశాలిలో కొత్తగా ఫ్లాటు తీసుకుని దిగాం. లిఫ్టు గుంత మాత్రం ఉండేది, లిఫ్టు ఉండేది కాదు. మా ఆయన ఉద్యోగం నోయిడాలో. ఆ ఆఫీసుకి పక్క సెక్టారులో ఒక వైను కంపెనీ తన కింది అంతస్తులో మ్యూజియం తెరిచింది. పడమటి తీరంలో ఎక్కడో వాళ్ళ పాత ద్రాక్షసారా బట్టీ ఉండేదట. అక్కడి తీపి వైను గొప్పతనమంతా ఉత్తరాది వాళ్ళకి తెలియాలని ఈ ఏర్పాటు. అది మామూలు వైను కాదట, పోర్టు వైనట. ద్రాక్షరసం పులుస్తూ ఉండగా సగంలో బ్రాందీ పోసి ఆ పులియడాన్ని ఆపేస్తారట. దాంతో తీపి తీపిగానే ఉండిపోతుంది, ఘాటు మాత్రం రెట్టింపవుతుంది. ఈ సంగతి గోడ మీద ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి రాసి, మళ్ళీ నోటితో ఇంకోసారి చెప్పేవారు. మూడుసార్లు వినేటప్పటికి మనమే పులిసిపోయేవాళ్ళం.

ఒక చలికాలం శనివారం మా ఆయన ఆఫీసువాళ్ళు కుటుంబాలతో సహా అందర్నీ బస్సులో ఎక్కించి ఆ మ్యూజియానికి తీసుకెళ్ళారు. బస్సులో తెలుగువాళ్ళం సగం మందిమి. తక్కినవాళ్ళు అన్ని వైపుల వాళ్ళూ ఉన్నారు.

లోపల పెద్ద చెక్క పీపాలు, తుప్పు పట్టిన ఇనుప పట్టీలు, ఓడ బొమ్మలు ఉన్నాయి. మధ్యలో అద్దాల గదిలో ఈక టోపీ పెట్టుకున్న తెల్లదొర ఒకడు చేతిలో గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. అది చీరల షాపుల్లో నిలబెట్టే బొమ్మ. మీసం అతికించారు గానీ నుదుట బొట్టు చెరిపిన మరక పోలేదు. వేళ్ళు చీర కుచ్చిళ్ళు పట్టుకోడానికి వంచినట్టే ఉన్నాయి. వాటి మధ్యన గ్లాసు ఇరికించారు. ‘ఇది జెంటిల్‌మెన్ల పానీయం’ అని పక్కన పలక.

మాకు అవన్నీ చూపించినవాడు ఆ మ్యూజియం మేనేజరు. మీసాలు తిప్పి, కోటు వేసుకుని, ప్రతి వాక్యం చివరా ‘హెరిటేజ్’ అనేవాడు. చివర్లో ఒక టేకు బల్ల దగ్గరికి చేర్చి, “అబ్ ఆప్ లోగ్ స్వాద్ లీజియే” అన్నాడు. కాడ ఉన్న చిన్న చిన్న గాజు గ్లాసుల్లో ముదురు ఎరుపు వైను పోసి పెట్టి ఉంది. మగవాళ్ళంతా వరసలో నిలబడ్డారు. ఆడవాళ్ళని మాత్రం ఒకబ్బాయి “ఆంటీజీ, ఇధర్ సే” అంటూ వరండాలోకి తోలాడు. అక్కడ కాగితం కప్పుల్లో గులాబీ షర్బత్తు పోసి ఉంది. జనవరి చలిలో చల్లటి షర్బత్తు.

తక్కిన ఆడవాళ్ళు తీసుకుని తాగారు. నేను కప్పు అక్కడే పెట్టి లోపలికి వచ్చాను.

“భయ్యా, నాకూ ఆ గ్లాసు ఇవ్వండి,” అన్నాను హిందీలో.

మేనేజరు నవ్వాడు. చిన్నపిల్ల బెలూను అడిగినట్టు. “అరే మేడమ్‌జీ, లేడీస్ కే లియే షర్బత్ హై. స్పెషల్!”

“షర్బత్తు మా ఇంట్లో ఉంది. వైను చూపించడానికే కదా ఇంత దూరం తెచ్చారు?”

“ట్రెడిషన్ హై, మేడమ్‌జీ. హెరిటేజ్.”

మా ఆయన చేతిలో గ్లాసుతో పరుగున వచ్చారు. “ఏమిటే నీ గోల, అందరూ చూస్తున్నారు.”

“చూడనివ్వండి. మ్యూజియం ఉన్నదే చూడటానికి.”

“నీకది పడదు. తాగినవాళ్ళకి తెలుస్తుంది దాని సంగతి. ఒక్క చుక్కకే పడిపోతావు.” ఈ మాట ఆయన మెల్లగా అనలేదు. పక్కనున్న సహోద్యోగులు విని నవ్వేలాగా అన్నారు. వాళ్ళు నవ్వారు కూడా. ఆ నవ్విన ముఖాలన్నీ నాకు జ్ఞాపకం. వాళ్ళలో ఒకాయన తర్వాత మా ఇంటికి భోజనానికి వస్తే, ఆయన సాంబారులో ముక్క ఒక్కటీ పడకుండా చూసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సు చూడాలి. ఒకాయన సీట్లో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని “బాగా పట్టేసింది రా” అంటున్నాడు. ఇంకొకాయన మెట్లు ఎక్కుతూ తూలి కండక్టరు భుజం పట్టుకున్నాడు. మా ఆయన పాట ఎత్తుకున్నారు. పెళ్ళయినప్పట్నించీ ఆయన పాడగా నేను వినలేదు, ఆ రోజు ఎందుకు వినలేదో తెలిసింది. “చెక్క పీపా వాసన తెలిసిందా మీకు?” “తెలియకేం, గొంతులో ఆ మంట చూడలేదూ?” “ఇది పాత సరుకు బాబూ, పాత సరుకు.” చిటికెడు గ్లాసు తాగి ఇంతసేపు మాట్లాడినవాళ్ళని నేను అంతకు ముందు చూడలేదు.

నేను కిటికీ వైపు తిరిగి కూచున్నాను. నాకు కోపం ఎందుకు వచ్చిందో చెప్పాలి. ఆ బస్సులో ఉన్నవాళ్ళందరిలోకీ ఆ వైను అలవాటు ఉన్నదాన్ని నేనొక్కదాన్నే.

మా పెద్దమ్మాయి పుట్టింది ఢిల్లీలోనే, గడ్డకట్టే చలిలో. పురిటికి మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. రైల్లో రెండు రాత్రుళ్ళు ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన బుట్టలో, ఆవకాయ జాడీకీ కారప్పొడి డబ్బాకీ మధ్యన, తువ్వాల్లో చుట్టిన పోర్టు వైను సీసా ఉంది. ఆవిడ కార్తీక మాసంలో ఉల్లిపాయ ముట్టని మనిషి. మా మామగారు పేకాడి వచ్చినా కాళ్ళు కడగనిదే గుమ్మం దాటనివ్వరు. అలాంటావిడ రోజూ సాయంత్రం సాంబ్రాణి పొగ వేశాక, మూతి దగ్గర కాస్త వంగిన స్టీలు చెంచాతో ఆ వైను కొలిచి నా నోట్లో పోసేవారు.

“ఇదేమిటండీ అత్తయ్యా, తాగుడు కదూ?” అన్నాను మొదటి రోజు.

“నోర్ముయ్యి. మగాడు తాగితే తాగుడు, బాలింత తాగితే పథ్యం. మా అత్తగారు నాకు పోశారు, ఆవిడకి వాళ్ళ అత్తగారు పోశారు. మింగు.”

మింగేదాన్ని. నాలిక మీద పాకంలా ఉండేది. గొంతు దిగాక సన్నగా వెచ్చన మొదలై చెవుల వెనక దాకా పాకేది. నేను ఆ వెచ్చదనంతోనే ఆ చలికాలం గడిపాను. ఆ సీసా అలమరలో ఇంగువ డబ్బా వెనక ఉండేది. మా ఆయనకి దాని జాడ తెలియనివ్వలేదు ఆవిడ.

అలా తరతరాల ఆడవాళ్ళు చెంచాలతో తాగినదాన్ని జెంటిల్‌మెన్ల పానీయం అని పలక మీద రాసి, నాకు కాగితం కప్పులో షర్బత్తు పోశాడు ఆ మీసాలవాడు. నేను ఊరుకుంటానా?

ఊరుకోలేదు. అందర్లాగే ఊరుకుంటాననుకున్నారు, మా ఆయనతో సహా. తర్వాతి వారం పిల్లని పక్కింట్లో దింపి, షేరింగు ఆటో పట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. సంచిలో అత్తగారి చెంచా ఉంది.

మేనేజరు నన్ను గుర్తుపట్టాడు. గుర్తుపట్టనట్టు నటించాడు, కానీ మీసం మీదకి చెయ్యి పోయింది.

“ఈ చెంచా మీ మ్యూజియంలో పెట్టండి,” అన్నాను. దాని కథంతా చెప్పాను. బాలింత అంటే ఏమిటో హిందీలో చెప్పడానికి కొంచెం కష్టపడ్డాను.

ఆయన చెంచాని వేలితో తిప్పి చూశాడు. “యే తో చమ్మచ్ హై, మేడమ్‌జీ.”

“అవును. మీ దొరగారు కూడా చీరల షాపు నుంచి వచ్చినాయనే. ఆయన్ని నిలబెట్టగా లేనిది దీన్ని పడుకోబెట్టలేరా?”

“కమిటీ సే పూఛనా పడేగా.”

“సరే అడగండి. ఈలోగా నా గ్లాసు ఇవ్వండి. ఆ రోజు రావాల్సింది.”

“గ్రూప్ కే సాథ్ హీ మిల్తా హై.”

గుంపుతో వస్తే ఆడదానివి అంటారు. ఒంటరిగా వస్తే గుంపు ఏదీ అంటారు. అభిప్రాయాల పుస్తకంలో ఒక పేజీ నిండా రాసి వచ్చాను. కంపెనీకి ఉత్తరం కూడా రాశాను. దానికి జవాబుగా ఒక క్యాలెండరు వచ్చింది. క్యాలెండరు మీద ఒక అమ్మాయి పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని మగవాళ్ళకి అందిస్తోంది. దాన్ని నేను పారెయ్యలేదు. స్టోరు గదిలో ముఖం గోడకేసి తగిలించాను. తర్వాత ఫోన్లు మొదలుపెట్టాను. మొదట్లో మేనేజరు తీసేవాడు, తర్వాత ఆ కుర్రాడు తీసి “సర్ మీటింగ్ మే హై” అనేవాడు. వెనకనుంచి సర్ దగ్గు వినిపించేది.

చివరికి విసిగిపోయింది ఆయనే. “మేడమ్‌జీ, ఈసారి గ్రూపుతో రండి. మీకు గ్లాసు ఇస్తాను. మీ ఒక్కరికీ. ఎవరికీ చెప్పకండి,” అన్నాడు.

గ్రూపు కూడగట్టడం ఎంతసేపు? మా కాలనీలో తెలుగు కుటుంబాలు ఏ ఆదివారమైనా ఎక్కడికో అక్కడికి పోదామని చూసేవే. వైను అనగానే మగవాళ్ళు, బస్సు అనగానే పిల్లలు సిద్ధం. మా పై అంతస్తులో ఉండే పెద్దాయన కూడా వచ్చారు. కరీంనగర్ వైపు మనిషి, ఎక్సైజులో ఆఫీసరు. అందరం అంకుల్ అనేవాళ్ళం. మితభాషి, సమోసాలంటే మాత్రం ప్రాణం.

బయల్దేరేముందు మా ఆయన నాతో, “మళ్ళీ అక్కడ ఏమీ మొదలుపెట్టకు. పోయినసారి నా పరువు తీశావు,” అన్నారు.

“పోయినసారి మీరు పాడారు. అంతకంటే పరువు ఏం పోతుంది?”

మ్యూజియంలో దొరగారి మీసం ఒక వైపు ఊడి వేలాడుతోంది. మిగతాదంతా అలాగే ఉంది. పులుపు, బ్రాందీ, హెరిటేజ్. చివరికి టేకు బల్ల. మగవాళ్ళు బల్ల చుట్టూ చేరారు. ఆడవాళ్ళు వరండా వైపు నడిచారు. నేను నిలబడ్డాను. మేనేజరు అటూ ఇటూ చూసి, బల్ల చివరనున్న గ్లాసు ఒకటి నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి, “ధీరే సే,” అన్నాడు.

నెలల తరబడి పోరాడి తెచ్చుకున్న గ్లాసు. నేను తొందరపడలేదు. వెలుతురుకి పట్టుకుని చూశాను. వాసన చూశాను. లవంగం. సరే, ఉండొచ్చు. ఒక గుక్క నాలిక మీద పెట్టుకున్నాను. తీపి. అదీ సరే. మింగాను. చెవుల వెనక వెచ్చదనం కోసం చూశాను.

రాలేదు. గొంతులో గరగరమని ఒక మంట వచ్చింది. ఆ మంట నాకు తెలుసు. బిడ్డని కన్న ఏ తెలుగు ఆడదాన్ని అడిగినా చెబుతుంది. అది శొంఠి.

ద్రాక్ష స్క్వాషు, నీళ్ళు, లవంగం, శొంఠి. అంతే. ఇంకో గుక్క తాగాను, పొరపాటు పడకూడదని. చివర్న కాస్త డికాషను వగరు కూడా ఉంది.

పక్కన మా ఆయన కళ్ళు సగం మూసి, గ్లాసు తిప్పుతూ, “ఆహా, ఈ గొంతు మంటే వేరు,” అంటున్నారు. కింది ఫ్లాటాయన, కాలనీలో అందరికీ బావగారు, “నెమ్మదిగా ఎక్కుతుంది, చూస్తూండండి” అని ధైర్యం చెబుతున్నారు.

“ఏమండీ, ఇది వైను కాదు,” అన్నాను.

“మొదలుపెట్టావా?”

“ఇది ద్రాక్షరసం. శొంఠి కలిపారు.”

మగవాళ్ళంతా నవ్వారు. ఈసారి కూడా. “అక్కయ్యగారూ, మీకు అలవాటు లేదు కదా, అలాగే అనిపిస్తుంది,” అన్నాడొకడు. “వదినగారికి అప్పుడే ఎక్కినట్టుంది,” అన్నారు బావగారు. మా ఆయన మేనేజరు వైపు తిరిగి క్షమాపణగా తల వంచారు. మేనేజరు ఆ అవకాశం వదులుకోలేదు. “మేడమ్‌జీ కో లేడీస్ వాలా దియా హై. జెంట్స్ వాలా అసలీ హై,” అని చక్కగా అబద్ధం చెప్పాడు.

నేను మా ఆయన చేతిలోంచి గ్లాసు లాక్కుని తాగాను. అదే శొంఠి. ఆయన గ్లాసులో ఇంకాస్త ఎక్కువే పడింది.

అప్పుడు నాకు అంకుల్ కనిపించారు. ఆయన ఈ గొడవేదీ పట్టకుండా మూల కుర్చీలో కూచుని సమోసా తుంచుకుంటున్నారు.

“మేనేజరు గారూ,” అన్నాను హిందీలో, అందరికీ వినబడేలా. “ఆ కూచున్నాయన మా పొరుగువారు. ఎక్సైజ్ ఆఫీసరు. మీరిక్కడ వైను పోస్తున్నారు కదా, దానికి లైసెన్సు ఉందా? ఉంటే చూపించండి. లేకపోతే ఇది వైనో కాదో ఆయనకే చెప్పండి.”

మేనేజరు అంకుల్ వైపు చూశాడు. అంకుల్ సమోసా నముల్తూ తల పైకెత్తి గంభీరంగా చూశారు. ఆయన ముఖం ఎప్పుడూ అలాగే ఉంటుంది, నమిలేటప్పుడు ఇంకా గంభీరంగా ఉంటుంది. మీసాలవాడి మీసాలు కిందికి దిగాయి.

“నహీఁ సర్! వైన్ కహాఁ హై సర్! జూస్ హై, సిర్ఫ్ జూస్! ఇక్కడ పోయడానికి లైసెన్సే లేదు సర్, హమ్ కైసే పిలాయేంగే!” రుజువు కోసం వెనక గదిలోకి పరుగెత్తి, స్క్వాషు డబ్బా, శొంఠి పొడి సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. అంకుల్‌కి వాసన చూపించాడు. ఆయన తుమ్మారు.

మగవాళ్ళంతా తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు. వరండాలోంచి ఆడవాళ్ళు షర్బత్తు కప్పులతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళలో ఒకావిడ సీసా మూత తీసి చూసి, “అయ్యో, మా వారికి కూడా బాలింత పథ్యమే పెట్టారా!” అంది. ఆ తర్వాత ఆడవాళ్ళు నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. నాకింకో లెక్క తేలాల్సి ఉంది.

“అందరికీ రసమే అయితే మాకెందుకు ఇవ్వలేదు?” అని మేనేజర్ని పక్కకి పిలిచి అడిగాను.

ఆయనకి ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. “క్యా కరేఁ మేడమ్‌జీ. మొదట్లో ఆడవాళ్ళకీ ఇచ్చాం. ఒక్క గుక్కకే పట్టేసేవాళ్ళు. ‘భయ్యా, ఇస్ మే సోంఠ్ హై’ అనేవాళ్ళు. జెంట్స్ మాత్రం ఎప్పుడూ కనిపెట్టరు. ఏదో ఒకటి పోసి పాతది అంటే చాలు, వాళ్ళే మిగతాది చెప్పుకుంటారు. అందుకని లేడీస్‌కి షర్బత్ పెట్టాం.” కాస్త ఆగి, “ఇది మీకు గౌరవమే అనుకోండి,” అన్నాడు.

గౌరవమట. చలిలో షర్బత్తు పోసి, పలక మీద మా ఊసే లేకుండా చేసి, అది మా తెలివికి ఇచ్చిన గౌరవమట. ఇలాంటి గౌరవాలు నాకు చాలా జరిగాయి. వేరే చోట రాస్తే ఒక పుస్తకమవుతుంది.

“ఆ చమ్మచ్ తీసుకురండి మేడమ్‌జీ,” అన్నాడు బయటిదాకా వస్తూ, గొంతులో తేనె కలుపుకుని. “దొరగారి పక్కనే పెడతాం. మీ పేరు కూడా రాస్తాం. ఆఫీసర్ సాబ్‌కి కాస్త చెప్పండి.”

“మా అత్తగారు ఆ చెంచాతో పోసింది అసలు వైను. శొంఠి నీళ్ళ పక్కన దాన్ని పడుకోబెట్టను. ముందు నా గ్లాసు ఇవ్వండి, లైసెన్సు ఉన్నచోట పోసి ఇవ్వండి. అప్పుడు చూద్దాం.”

ఆ గ్లాసు రాలేదు. అడుగుతూ ఉండగానే ఆ మ్యూజియం మూతపడింది.

తిరుగు బస్సులో ఎవరూ పాడలేదు. ఎవరూ తూలలేదు కూడా. గాజీపూరు దాటాక మా ఆయన గొంతు సవరించుకుని అన్నారు, “నాకు పోయినసారే తెలుసు. మర్యాదగా ఉండదని ఊరుకున్నాను.”

వెంటనే బావగారు, “నాకూ అనుమానం వచ్చిందండీ,” అన్నారు. వెనక సీటాయన కూడా ఏదో అన్నాడు. ఐదు నిమిషాల్లో బస్సులో తెలియని మగవాడు ఒక్కడూ మిగల్లేదు.

“తెలిస్తే మరి పాట ఎందుకు పాడారు?” అన్నాను.

ముందు సీట్లోంచి అంకుల్ వెనక్కి తిరిగారు. దారంతా ఆయన మాట్లాడటం అదే మొదటిసారి. “ఊకో బిడ్డా. కొందరికి శొంఠికి గూడ నిషా ఎక్కుతది.” మళ్ళీ ముందుకి తిరిగి, ఎవరితోనో అన్నట్టు, “అసలు నాకెందుకు గా సీసా వాసన జూపిచ్చిండో తెల్వది. నేను జూసేది సబ్బులు, బిస్కెట్ల మీది పన్ను. వైను మా దిక్కు రానే రాదు,” అన్నారు.

చెంచా ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మూతి ఇంకాస్త వంగింది. చలికాలంలో మా ఆయనకి జలుబు చేస్తే అందులోనే శొంఠి కషాయం పోసి ఇస్తాను. మింగాక, “గొంతులో మంట ఎలా ఉంది? చెక్క పీపా వాసన తెలిసిందా?” అని అడుగుతాను. ఆయన మూతి తుడుచుకుని గోడ వైపు తిరిగి పడుకుంటారు.